టప్పుమనని నడుము

ఆపరేషన్ అన్న మాట చెవిన పడగానే టైల్స్ మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు ఆయన నడుము మీద వేలైనా పెట్టలేదు. కంప్యూటర్లో స్కానింగ్ చూశాడు, "డిస్క్ నరాన్ని నొక్కుతోంది, కోయాలి" అన్నాడు, తర్వాతి మనిషిని పిలిచాడు.

"గది మొహం చూడకుండానే నేల పగలగొట్టమనే రకం!" అని మేస్త్రి ఇంటికొచ్చి ఎగిరాడు.

బావమరిదికి అదే కావలసింది. "నా మెడ పట్టేస్తే ఎముకలు సర్దే కైరోప్రాక్టర్ దగ్గరికే కదా వెళ్ళాను, బావా! కత్తీ లేదు, మాత్రా లేదు. ఆవిడ చేత్తోనే టప్పుమనిపించింది."

ఎడమ పాదం మొద్దుబారిన సంగతి మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది? రోజంతా మోకాళ్ళ మీద పాకేవాళ్ళకి పాదాలు తిమ్మిరెక్కడం మామూలే. లేచి విదిలిస్తే పోతుంది. ఈసారి పోలేదు, అంతే.

కైరోప్రాక్టర్‌ది లాండ్రీ షాపు పైన గది. మేస్త్రి లోపలికెళ్ళి నేరుగా బల్ల ఎక్కబోయాడు.

"ఆగండి," అందావిడ. "ఎడమకాలి చెప్పు ఏదీ?"

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. పాదం బోసిగా ఉంది. చెప్పు ఎక్కడ ఊడిందో తెలియలేదు.

"మెట్ల మీదుంది, బావా," అన్నాడు గుమ్మంలోంచి బావమరిది. ఈసారి వాడి గొంతులో హుషారు లేదు.

"బొటనవేలు పైకెత్తండి."

కుడిది లేచింది. ఎడమది ససేమిరా అంది.

"మూత్రం సరిగ్గా వస్తోందా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "నిన్నట్నుంచి... లేదు."

"నేను మీ నడుము ముట్టుకోను. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి."

"ముట్టుకోకపోతే ఈ బల్లెందుకు? కింద ఆ బోర్డెందుకు? వీడికి టప్పుమనిపించిన చేతులు నాకు పనికిరావా?"

"పట్టేసిన నడుమైతే సర్దుతాను. మీ నరం నలిగిపోతోంది. నేను మెలిపెడితే రెండో కాలు కూడా పోవచ్చు. ఆలస్యమైతే కోసినా తిరిగిరాదు."

"వాళ్ళు నన్ను మనిషిలా చూడలేదమ్మా!"

"అయితే అరవండి. కానీ వెళ్ళి అక్కడ అరవండి."

ఆసుపత్రి డాక్టరు కంప్యూటర్లోంచి తల తిప్పకుండానే, "అప్పుడే చెప్పాం కదా," అన్నాడు.

మేస్త్రి కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి డాక్టరు బల్ల మీద, సరిగ్గా కీబోర్డు మీద పెట్టాడు. బావమరిది నోరు తెరిచాడు. నర్సు కేకేసింది.

"చెప్పావు! ఒక్కసారి పట్టుకుని చూసి చెప్పు. అప్పుడు కొయ్యి. కాదనను."

డాక్టరు పాదం మీద వేళ్ళు వేశాడు. ఆ వేళ్ళు ఎక్కడ పడ్డాయో మేస్త్రికి తెలియలేదు. మిగతా ఒళ్ళంతా కోపంతో వణుకుతూనే ఉంది.