కరపత్రం మూలన అంకె

పాల ప్యాకెట్ కోసం పొద్దున్నే వీధిలోకి వచ్చిన ఆర్కైవ్స్ గుమాస్తా, దర్జీ కొట్టు షట్టరు మీద అంటించిన కరపత్రం చూసి కొయ్యబారిపోయాడు. బయటివాళ్లని తరిమికొట్టండంటూ అరవై ఏళ్ల నాటి పిలుపు, కొత్త కాగితం మీద. కింద మూలన పెన్సిలు అంకె, 1316, అచ్చులో కూడా చక్కగా పడింది. అది తన చేతిరాతే.

పాతికేళ్లుగా అతను చేసే పని అదే. ఒకప్పుడు మన జాతి మనకే అంటూ ఇళ్లు తగలబెట్టిన మూకల కాగితాలు పోగుచేసి, అంకె వేసి, చరిత్ర రాసేవాళ్లకి చూపించడం. ఇంత చెత్త ఎందుకయ్యా అని ఎవరైనా అంటే, "విషం సీసాకి చీటీ అంటించకపోతే రేపు మందనుకుని తాగరూ?" అని దబాయించేవాడు. ఆ మాటంటే అతనికి మహా ముచ్చట.

1316 నకలు తీసుకున్నది ఒక్క బావమరిదే. వ్యాసం రాస్తున్నానంటే, ఇంటి మనిషే కదా అని రిజిస్టరులో సంతకమైనా పెట్టించుకోలేదు. అక్కడే నిలబడి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఎంత పని చేశావురా!"

"తప్పేముంది బావా? నువ్వు జాగ్రత్తగా దాచబట్టే దొరికింది. ఈ రోజుల్లో ఇంత బాగా రాసేవాళ్లేరీ?"

ఫోన్ జేబులో పడేసి కరపత్రాన్ని గోళ్లతో గీకాడు. జిగురు ఎండిపోయింది. వీధి పొడుగునా గోడ గోడకీ అదే కాగితం. ఏడుపు ముంచుకొచ్చింది.

అంతలో షట్టరు లేచింది. లోపల దర్జీ కుట్టుమిషను విప్పి గోనెసంచిలో కడుతున్నాడు. అతని భార్య బట్టలు మూటగడుతోంది.

"వెళ్లొద్దమ్మా. ఇది బయటికొచ్చింది నా చేతుల్లోంచే. పోలీసులకి అంతా చెప్పేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ!"

ఆమె మూట వదిలి లేచింది. "మీరు దాచారా అన్నయ్యా, దీన్ని?"

"చదువుకోడానికమ్మా. మళ్లీ ఇలా జరక్కూడదని."

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నిజమే నోట వచ్చింది.

"నాలుగు వేలు దాటాయి."

ఆమె నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని, అతనికి తగలకుండా పక్కగా ఒదిగి, రోడ్డు మీదికి నడిచింది.