పొయ్యి పక్కన ముప్పై సీసాలు

సంచి అడుగున ఉన్ని బనియన్లు పెట్టాను. వాటి మీద రెండు పైజామాలు, గడ్డం గీసుకునే సామాను, కళ్లద్దాల పెట్టె, డాక్టరు రాసిన చీటీ. జిప్పు లాగేశాక ఇంట్లో తొడుక్కునే చెప్పులు గుర్తొచ్చాయి. మళ్లీ తెరిచాను. చెప్పులు పెట్టాక చీటీ ఉందో లేదో అనుమానం వచ్చి, అన్నీ తీసి మంచం మీద పరిచాను.

"ఏమే ఐవీ, నన్ను అంటార్కిటికాకి గానీ పంపిస్తున్నావా? పోయేది హోబార్ట్‌కే," అన్నాడు మా ఆయన క్లెమ్, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

"అక్కడా చలే కదా."

"మన క్వీన్స్‌టౌన్ వానలో యాభై ఏళ్లు నానినవాణ్ణి. నన్నేం చేస్తుంది చలి?"

అతని గుండెకి ఆపరేషను. మూడు వారాల ముందే రమ్మన్నారు, పరీక్షలున్నాయని. అక్కడ అతని చెల్లెలు ఓల్వెన్ ఇంట్లో ఉంటాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. ఆసుపత్రి వాసన తగిలితే నేను గుమ్మం దాటలేనని అతనికి తెలుసు. "నీకిక్కడ పనుంది. షెడ్డులో పీపా కడుగు. బీరు పులియబెట్టు. నేనొచ్చేసరికి తాగడానికి సిద్ధంగా ఉండాలి," అన్నాడు.

నా చేతిలోని సంచి జారింది. పదిహేడేళ్లుగా మేము బీరు వెయ్యలేదు.

క్లెమ్ వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా దూరం వెళితే, వాళ్లు గడప దాటిన రోజే బీరు వెయ్యాలి. తిరిగొచ్చినవాళ్లే తొలి సీసా మూత తియ్యాలి. అంతవరకూ ఎవరూ ముట్టకూడదు. మా తమ్ముడు లెస్ చేపల పడవ మీద పనికి వెళ్లినప్పుడు సంచి సర్దింది నేను, బీరు వేసింది క్లెమ్. వాడు రావడానికి వారం ముందు, రుచెలా ఉందో చూద్దామని నేనొక సీసా మూత తీశాను. ఒక్క గుటక తాగాను. నాలుగో రోజున పడవ తిరగబడిందని కబురొచ్చింది. మిగిలిన సీసాలు క్లెమ్ కాలవలో పారబోశాడు. నేను మూత తీసిన సంగతి అతనికి చాలా ఏళ్ల తర్వాత చెప్పాను.

"వేరే ఏదైనా పని చెప్పు," అన్నాను.

"అదే చెయ్యి, ముసలీ. చేతులు ఖాళీగా ఉంటే నువ్వు బతకలేవు."

బస్సు వెళ్లగానే షెడ్డు తాళం తీశాను. పీపా కింద సాలీళ్లు కాపురం పెట్టాయి. మూడుసార్లు వేడినీళ్లతో కడిగాను. కొట్లో తెచ్చిన చిక్కటి బార్లీ పాకం డబ్బా మీది అక్షరాలు భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను. పాకం, చక్కెర, నీళ్లు కలిపి ఈస్ట్ చల్లాను. మర్నాటికి మూత మీది గొట్టంలో బుడగలు మొదలయ్యాయి. బుడగ తేలిన ప్రతిసారీ, అతను అక్కడ ఊపిరి తీస్తున్నట్టే నాకనిపించేది. రోజుకి పదిసార్లు వెళ్లి వినేదాన్ని.

తొమ్మిదో రోజున బుడగలు ఆగిపోయాయి.

బీరులో వేస్తే తేలుతూ, ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపించే గాజు గొట్టం ఒకటుండేది. రెండు రోజులు అది ఒకే గీత దగ్గర నిలబడితేనే సీసాలకెక్కించాలి. సొరుగు తెరిస్తే గొట్టం రెండు ముక్కలై ఉంది. కొత్తది కావాలంటే బర్నీ పట్నం నుంచి తెప్పించాలి. వారం పడుతుంది. సీసాల్లో పోశాకైనా బీరు రెండు వారాలు ఆగాలి. అతనొచ్చే రోజుకి అందదేమోనని నాకు భయం. బుడగలు ఆగాయి కదా, పులియడం అయిపోయినట్టే అనుకున్నాను. ముప్పై పెద్ద సీసాల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో చెంచా చక్కెర వేసి, మూతలు బిగించాను. జూలై అంటే మాకు నడి చలికాలం, షెడ్డులో గడ్డకట్టే చలి. అందుకని అన్నిటినీ మోసుకొచ్చి వంటగదిలో కట్టెల పొయ్యి పక్కన వరసగా నిలబెట్టాను.

సోమవారం మధ్యాహ్నం నేను పెరట్లో కోళ్లకి గింజలు వేస్తుంటే, ఇంట్లో తుపాకి పేలినట్టు చప్పుడైంది. లోపలికెళ్లి చూస్తే గోడంతా నురగ. గాజుపెంకు ఒకటి బీరువా తలుపులో దిగబడి ఉంది. పక్కింటి బెరిల్ తలకి చుట్టిన తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏంటే, క్లెమ్ లేడని ఇల్లు కూల్చేస్తున్నావా?"

"సీసా పగిలింది."

"ఒకటి పగిలిందంటే మిగతావీ వరసలో నిలబడ్డట్టే. ఒక్కోదాని మూతా కొంచెం లేపి గాలి వదిలెయ్. మా ఆయన రెండుసార్లు ఇలాగే చేశాడు, సగం కనుబొమ్మ పోయింది మహానుభావుడికి."

"మూతలు నేను తియ్యను."

"మరెవరు తీస్తారు, ప్రధానమంత్రొస్తాడా?"

"క్లెమ్ వచ్చి తీస్తాడు."

బెరిల్ నా మొహంలోకి చూసింది. వంటగది తలుపు మూసేసి, నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి సూపు తాగించింది. గురువారం ఆపరేషను. అంతవరకూ ఒక్క మూతా ఊడకూడదు. నాకున్న ఆలోచన అదొక్కటే. పొయ్యి ఆరిపోతే సీసాలు చల్లబడి ఊరుకుంటాయనుకున్నాను.

ఊరుకోలేదు. మంగళవారం పొద్దున నడవలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, మూసిన తలుపు వెనక ఒకటి పేలింది. దాని దెబ్బకి పక్కవి రెండు. సరిగ్గా అప్పుడే వంటగదిలో ఫోను మోగింది.

క్లెమ్ ఫోను చేసేది ఆదివారం సాయంత్రాలే. ఇవాళ మంగళవారం.

తలుపు పిడి పట్టుకున్నాను. లోపల ఇంకోటి పేలింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. షెడ్డుకి పరిగెత్తి క్లెమ్ వెల్డింగ్ ముసుగు, తోలు అంగీ తగిలించుకొచ్చాను. అప్పటికి రెండోసారీ ఆగిపోయింది. మూడోసారి మోగగానే తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాను. ఆ ముసుగు అద్దంలోంచి నిప్పు తప్ప ఏదీ కనబడదని అప్పుడు తెలిసింది. కటిక చీకటి. గోడ తడుముకుంటూ, కాళ్ల కింద గాజు నలుగుతుంటే, ఆ మోత వైపు నడిచాను.

"ఏమే, చచ్చావా, బతికున్నావా? మూడుసార్లు కొట్టాను!" క్లెమ్ గొంతు.

"ఎందుకు చేశావు? ఏమైంది?"

"ఎవరికో జ్వరమొచ్చిందట. ఆయన వంతు నాకిచ్చారు. ఇంకో గంటలో తీసుకెళ్తారు. నీ గొంతేంటి, గనిలోంచి మాట్లాడుతున్నట్టుంది?"

"నీ వెల్డింగ్ ముసుగులో ఉన్నాను."

ఇంతలో నా వెనక ఒకటి పేలింది.

"అదేంటి?"

"నీ బీరు."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఓల్వెన్ వారిస్తున్నట్టు వినబడింది. "గొట్టం వేసి చూశావా?" అన్నాడు.

"అది విరిగిపోయింది. బుడగలు ఆగాయని..."

"పిచ్చిదానా, చలికి ఈస్ట్ నిద్రపోయిందంతే. నువ్వు దానికి మళ్లీ చక్కెర తినిపించి పొయ్యి పక్కన కూర్చోబెట్టావు. పేలక ఏం చేస్తుంది? ఇప్పుడే మూతలు తీసెయ్."

"తియ్యను. వచ్చి నువ్వే తియ్యి."

"ఐవీ." గొంతు మారింది. "లెస్ పడవని ముంచింది గాలి. నీ గుటక కాదు. పెంకు మెడకి తగిలిందంటే, నేనొచ్చేది ఎవరి దగ్గరికి? తీస్తానని చెప్పు."

"తీస్తాను."

"అన్నీ."

"అన్నీ."

"కళ్లు జాగ్రత్త, ముసలీ. పిలుస్తున్నారు."

ఫోను పెట్టేశాక ముసుగు ఎత్తి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు మిగిలాయి. దుప్పటి కప్పి, ఒక్కోదాన్నీ మోకాళ్ల మధ్య బిగించుకుని, మూత కొంచెం కొంచెంగా లేపాను. బుస్సుమని నురగ నా ఒళ్లోకి పొంగింది. తీసిన ప్రతి మూతకీ క్లెమ్ పేరు చెప్పాను, అతనే తీస్తున్నట్టు. ఇరవై మూడు తీశాను. ఆఖరిదానికి చెయ్యి రాలేదు. ఇచ్చిన మాట తప్పి, దాన్ని ఇనప బకెట్లో పెట్టి, మీద తడి గోనె కప్పి, పెరట్లో కోళ్లగూడు వెనక చలిలో దించి వచ్చాను. బీరుతో తడిసిన బట్టలు మార్చుకోకుండానే ఫోను పక్కన కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఓల్వెన్ ఫోను చేసింది.

ఆపరేషను గదిలోంచి క్లెమ్ తిరిగి రాలేదు. అది రెండు వేల పదకొండు, జూలై పంతొమ్మిది, మంగళవారం.