మడమలో కడ్డీ

పడలేదు, జారలేదు, గుమ్మానికి కాలైనా తగల్లేదు. మరి మా ఆయన మడమలో వేసిన స్టీలు కడ్డీ ఎలా విరిగింది? బందరు డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును లైటుకు పెట్టి, "ఇదిగో చూడమ్మా, ఇక్కడ కడ్డీ విరిగింది, కింద రెండు స్క్రూలూ విరిగాయి," అంటే నాకు తల తిరిగింది. ఇనుమేమన్నా జంతికా, పుటుక్కున విరగడానికి?

మాది నాగాయలంక. మా ఆయన వెంకటస్వామి బోటు నడిపే సరంగు. కిందటేడు, అంటే రెండువేల రెండులో, ఒడ్డుకు లాగుతున్న బోటు ఒరిగి కాలిమీద పడింది. చీలమండ నుజ్జునుజ్జయింది. ఆ కీలు ఇక పనిచేయదని, మడమలోంచి మోకాలి కింది ఎముకలోకి కడ్డీ దూర్చి, ఎముకలన్నీ ఒక్కటిగా అతుక్కునేలా బందరులోనే ఆపరేషను చేశారు. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. తర్వాత ఆర్నెల్లు, వాళ్లిచ్చిన పెద్ద నల్ల బూటు లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దన్నారు. అతుకు పడేదాకా బరువంతా కడ్డీయే మోస్తుందట.

నేను పోలీసులా కాపలా కాశాను. ఇంట్లో దేవుడి పటాల ముందు కూడా బూటుతోనే నడవనిచ్చి లెంపలేసుకున్నాను. అలాంటిది ఆ డాక్టరు నావైపే చూస్తూ, "బూటు లేకుండా నడిచాడా?" అంటాడా! ఒళ్లు మండిపోయింది.

"మా పిల్లల మీద ఒట్టండీ, నడవలేదు," అన్నాను.

"నొప్పి ఉందా?" అని మా ఆయన్ని అడిగారు.

"అబ్బే, లేదండీ," అన్నాడు.

డాక్టరు గారు బుర్ర గోక్కున్నారు. "నొప్పి లేకుండా ఎలా ఉంటుంది? అతుకే పడలేదు. తుంటిలోంచి కాస్త ఎముక తీసి పెట్టి, కొత్త కడ్డీ వేయాలి. కానీ పాతది ఎందుకు విరిగిందో తెలియకుండా వేస్తే అదీ విరుగుతుంది. ఈసారి విరిగితే మోకాలి కింద కాలు తీసేయడమే," అన్నారు.

గుడివాడలో మా ఆడపడుచు ఉంటే, అక్కడ ఇంకో డాక్టరుకి చూపించాం. ఆయనా నొప్పి గురించే అడిగారు. ఈయన మళ్లీ లేదన్నాడు. "అయితే కదపకండి, కొందరికి నొప్పి లేకుండా అలాగే ఉండిపోతుంది," అన్నారాయన. ఒకాయన కొయ్యాలంటాడు, ఒకాయన కదపొద్దంటాడు. లోపం కడ్డీదా, డాక్టరుదా, మా రాతదా? ఏమీ పాలుపోక, ఎవరి కళ్లు పడ్డాయోనని ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీశాను.

"నువ్వేమంటావు మావా?" అని అడిగాను.

"నువ్వెట్టా అంటే అట్టాగే సత్తీ," అన్నాడు. అదొక సమాధానం!

వారం తర్వాత ఇంకో ఫిల్ము తీయించుకోవడానికి మళ్లీ బందరు వెళ్లాం. ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర, చెప్పులు బయట విడవమని బోర్డుంది. నా చెప్పులు విడిచి, వంగి ఆయన బూటు పట్టీలు లాగాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి కాలెత్తాడు.

"ఓయమ్మా! ఆ బూటు ఇప్పమాక!" అని లోపలి నుంచి ఆయా సువార్తమ్మ కేకేసింది. "బల్ల మీద పడుకోబెట్టాక మేం ఇప్పుతాం."

"మరి బోర్డు పెట్టారుగా!"

"అది చెప్పులకి. నీ చెయ్యి బాగా అలవాటు పడ్డట్టుందే. ఇట్టా ఇంకెక్కడ ఇప్పుతున్నావేంటి?"

"ఎక్కడా లేదే," అనబోయి ఆగిపోయాను. బోటు దగ్గర.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందంటే రోజూ పొద్దున్నే నేనే రేవుకు తీసుకెళ్లేదాన్ని. బోటులో కూర్చుని వల బాగుచేసుకునేవాడు. బోటంటే మాకు గంగమ్మ తల్లి. చెప్పుకాలితో దాని మీద అడుగు పెట్టినవాడు మా ఇంటా వంటా లేడు. అందుకని ఒడ్డునే బూటు విప్పి ఎక్కించేదాన్ని. ఎక్కేటప్పుడు నాలుగడుగులు, దిగేటప్పుడు నాలుగడుగులు, అదీ ఊగే బోటులో. అది నడకేనని నాకు ఒక్కనాడూ తోచలేదు. తల్లి దగ్గరికి వెళ్లడం నడకెలా అవుతుంది?

తిన్నగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, "విరగ్గొట్టింది నేనేనండీ," అని అంతా చెప్పాను. డాక్టరు గారు మా ఆయన వైపు తిరిగారు. "విరిగినప్పుడు నీకు తెలియలేదా?"

మా ఆయన తల దించుకున్నాడు. "తెలిసిందండీ. మాఘ పౌర్ణమి ముందు రోజు బోటు దిగుతుంటే లోపల టక్కుమంది. అప్పట్నించీ కాలు మోపితే పేణం పోతంది."

"నొప్పి లేదన్నావుగా!"

"ఉందంటే ఎప్పట్నించంటారు, ఎక్కడంటారు. బూటు ఇప్పింది ఇదేనని తేలుద్ది. ఇది తట్టుకోలేదండీ."

మాఘ పౌర్ణమి వెళ్లి నెల దాటింది. విరిగిన కడ్డీ మీద నిలబడి, పళ్లు బిగబట్టుకుని, రోజూ బూటు విప్పడానికి నాకే కాలందించాడన్నమాట. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"నీ మొహం మండ! కాలు పోతే మాత్రం తట్టుకుంటానా?" అని అక్కడే అరిచాను.

డాక్టరు గారు ఆపరేషనుకి రోజు రాసిచ్చారు. "ఈసారి బోటెక్కే రోజొస్తే బూటుతోనే ఎక్కాలి," అన్నారు.

"అమ్మో, తప్పండీ," అన్నాడు మా ఆయన.

"ఎక్కుతాడండీ," అన్నాను నేను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "తల్లికి కోపమొస్తే నా మీదికి రమ్మను. నువ్వు మాత్రం నొప్పెడితే నొప్పని చెప్పు మావా."