పదకొండో స్లాబు

స్లాబు సగం పడకముందే ఏసురాజు కింద పడ్డాడు.

పైన పోస్తున్న కాంక్రీటు మాలు బరువుకు ఊతకర్రలు జరుగుతాయేమోనని కింది అంతస్తులో ఎప్పుడూ ఒక మనిషిని కాపలా పెడతారు. ఆ రోజు ఆ మనిషి ఏసురాజు. జరిగిన కర్రను సరిచేయబోయి, గోడలేని అంచు నుంచి వెనకవైపు కంకర కుప్ప మీద పడ్డాడు. చూసింది ఇద్దరే, అక్కడ కంకర లోడు దింపించుకుంటున్న మేస్త్రీ జయపాల్, ఇంజనీరు హనుమేష్. కారులో పెద్దాసుపత్రికి పంపించారు. గంట తిరక్కముందే ప్రాణం పోయిందని ఫోనొచ్చింది.

పైన స్లాబు మీద ఏసురాజు భార్య ఓబులమ్మ తట్టలు మోస్తూనే ఉంది.

ఆ బిల్డింగు ఆ పదకొండో స్లాబు దగ్గరే ఎందుకాగిపోయిందంటే కర్నూలులో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. హైకోర్టు వస్తుందన్న ఆశతో లాయర్ల ఆఫీసుల కోసం మొదలుపెట్టారనీ, కోర్టు రాకపోయేసరికి ఓనరు చేతులెత్తేశాడనీ కొందరంటారు. వాస్తు బాగాలేదని ఇంకొందరు. పద్నాలుగంతస్తులు లేస్తే కొండారెడ్డి బురుజు మరుగుజ్జయిపోతుందని ఓనరు గొప్పలు పోయిన మాట నిజమే. అంత ఎత్తుకు మాలు ఎక్కించే పంపుకు డబ్బు పెట్టడానికి మాత్రం ఆయనకు చెయ్యి రాలేదు. కింద మిక్సరు, పక్కన ఒక పాత లిఫ్టు, పైన ఆడవాళ్ళ నెత్తులు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిన సామెత ఊరికే పుట్టలేదు. ఆడవాళ్ళకు ఆరువందలు, మగవాళ్ళకు తొమ్మిది వందలు, స్లాబు రోజున అదనంగా చికెన్ బిర్యానీ. కూలీలందరూ కోడుమూరు దగ్గర జయపాల్ సొంత ఊరివాళ్ళే.

"సాయంత్రం చెప్దాం మేస్త్రీ" అన్నాడు హనుమేష్. "ఇప్పుడు చెప్తే మీ ఆడోళ్ళందరూ దిగిపోతారు. సగంలో ఆగితే జాయింటు పడి వాన నీళ్ళు కారతాయని నీకు నేను చెప్పాలా? పోయినోడు ఎట్లాగూ తిరిగిరాడు గదా."

స్లాబు మొదలుపెడితే ఆపగూడదని కూలీలకు నేర్పింది జయపాలే. ఆ మాట ఇప్పుడు ఆయనకు అక్కరకొచ్చింది. సరే సార్ అన్నాడు. అన్నాక తన నోరు తనకే రోతగా తోచింది.

పైకొచ్చేసరికి ఓబులమ్మ ఎదురొచ్చింది.

"అన్నా, మా ఇంటాయప్ప యాడ? కింద అరిచినా పలకల్యా."

"సిమెంటు లారీతో ఎర్రగుంట్లకు పంపిచ్చినా మ్మే."

"బత్తా ఇస్తారా?"

"ఇస్తారు."

"మంచిదే అయ్యింది. పాపకు చెప్పులు కొనాలని పొద్దున్నించీ అంటాండాడు." తట్ట ఎత్తుకుని నవ్వుకుంటూ పోయింది.

మధ్యాహ్నం బిర్యానీ వచ్చింది. పని ఆగకుండా సగం మంది మోస్తుంటే సగం మంది తిన్నారు. ఓబులమ్మ తన వంతు తిని చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆయప్పకు ఒక పొట్లం కట్టియ్యన్నా. కాలు ముక్క ఎయ్యి. రేత్రికి శానా ఆకలితో వస్తాడు."

కట్టకపోతే అనుమానపడుతుంది. జయపాల్ అందరికీ వీపు పెట్టి కూర్చుని, చచ్చిపోయిన మనిషికి కాలు ముక్క వెతికి, అన్నం పెట్టి పొట్లం చుట్టాడు. దారం ముడి పడలేదు. మళ్ళీ కట్టాడు. ఆదివారం చర్చిలో సంఘపెద్దగా నిలబడి అబద్ధమాడొద్దని చెప్పే తనకంటే నీచుడు ఈ జిల్లాలో ఉండడనిపించింది. ఆమె ఆ పొట్లాన్ని జాగ్రత్తగా తువ్వాల్లో మూటగట్టి, నీడన పెట్టి, మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

జయపాల్ ఇక తట్టుకోలేకపోయాడు. తట్ట దించుకోవడానికి తన దగ్గరికొచ్చినప్పుడు మెల్లగా అన్నాడు.

"ఏసురాజు రాడమ్మా."

"రేపొస్తాడా?"

"ఇంగ రాడు. కిందపడినాడు. ఆసుపత్రిలో పోయినాడు."

ఆమెకు వెంటనే ఏడుపు రాలేదు. తట్ట నెత్తిమీదే ఉంది.

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దున్నించీ నీకు తెలుసునా?"

జయపాల్ ఆమె తట్ట అందుకోబోయాడు.

"తెలిసే నాతో తట్టలు మోపిస్తాండావా? తెలిసే నాకు ఆ పొట్లం కట్టిస్తివా?"

తట్టను మాలులో ఒంపలేదు. ఉన్నదున్నట్టు కింద పెట్టి, పక్కనే కూలబడి గుండెలు బాదుకుంది. వెనక తట్ట మోసుకొస్తున్న గిడ్డమ్మ పరుగున వచ్చింది. విషయం తెలిసి తన తట్టా దించేసింది. ఆమె వెనక ఉన్నవాళ్ళూ దించేశారు.

హనుమేష్ మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. "ఏం మేస్త్రీ, ఆపేసినారా? సగంలో ఉండాది! నీ ఊరోళ్ళే గదా, చెప్పు వాళ్ళకు!"

"చెప్పను సార్. ఇంగ నా మాట ఎవురూ వినగూడదు."

ఆడవాళ్ళు ఓబులమ్మను లేపి నడిపించుకుపోతుంటే జయపాల్ చెయ్యి అందించబోయాడు. ఆమె ఆగింది.

"నువ్వు రావొద్దన్నా. ఆసుపత్రికీ రావొద్దు. నా మొగుని సమాధి కాడ ప్రార్థన చేసేదానికీ రావొద్దు. ఊర్లో ఎవురు పోయినా నువ్వే చేస్తావని నాకు తెలుసు. ఆయప్పకు మాత్రం నీ నోటి ప్రార్థన వద్దు."

అప్పుడు కూడా ఆమె అన్నా అనే పిలిచింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది జయపాల్‌కు. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని మెట్ల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వాళ్ళు దిగిపోయారు. ఆయన సగం స్లాబు మీద ఒక్కడే మిగిలాడు. బూట్ల కింద మాలు అప్పటికే గట్టిపడుతోంది.