బీరువా మాస్టారు

పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతానని నన్ను చూసి నవ్వుతావు కదా, ఇలా రా, నా పక్కన కూర్చో. ఈ విద్య నాకు ఎవరి పుణ్యాన అబ్బిందో ఇవాళ చెబుతాను. మధ్యలో లేచి వెళ్లావంటే ఊరుకోను.

మా బడికి ఒక్కడే మాస్టారు. బీరువా మాస్టారు అనేవాళ్లు. నాన్న బడికి వచ్చిన రోజు పొద్దున మేము వెళ్లేసరికి ఎప్పటిలాగే ఇనుప బీరువాను పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. సన్నటి మెడ, కాలరు మాయకుండా మెడ చుట్టూ మడిచి పెట్టిన రుమాలు, రుమాలు కింద నల్లతాడు, తాడుకు తాళంచెవి. పసిబిడ్డకు ఒళ్లు తుడిచినట్టు పిడి చుట్టూ, కాళ్ల సందుల్లో మెత్తగా తుడిచేవాడు. మా ముక్కులు కారుతున్నా అటు చూసేవాడు కాదు, మహానుభావుడు.

తర్వాత తాళం తీశాడు. లోపల పైవాళ్లు పంపిన పాఠ్యపుస్తకాలు, కట్టిన పురికొస కూడా విప్పని కట్టలు. ప్లాస్టిక్ సంచి తొడిగిన గ్లోబు. సుద్దముక్కల డబ్బాలు. అరల మూలల్లో కలరా ఉండలు కరిగిపోయిన చోట కొత్తవి వేసి, మళ్లీ తాళం పెట్టి, ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆయన చొక్కా, చేతులు, చివరికి ఆయన పెట్టే మొట్టికాయ కూడా కలరా ఉండల వాసనే వేసేది.

ఇంట్లోనూ ఇదే తంతు అని చాలాకాలం తర్వాత ఆయన భార్య చెప్పింది, నా దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి. పెళ్లికి వచ్చిన గాజు గ్లాసులు అట్టపెట్టెలోనే ఉండిపోయాయట.

"నన్నూ పెట్టెలో పెట్టేవాడే తల్లీ, పట్టలేదు గనక బతికిపోయాను" అంది.

బయట తిరిగే పుస్తకం మా అందరికీ కలిపి ఒక్కటే. దాన్ని తన కుర్చీ ముందు నేలమీద పరిచేవాడు, ముఖం తనవైపు పెట్టి. మేము చుట్టూ కూర్చునేవాళ్లం. కుర్చీ పక్కన కొట్టు యజమాని పిల్లలు, వాళ్లకు అక్షరాలు తిన్నగా కనిపించేవి. నా చోటు ఆయనకు సరిగ్గా ఎదురు.

"ఎక్కడి వాళ్లక్కడే ఉండండి. చోట్లు మారారంటే పుస్తకం తొక్కుతారు" అనేవాడు.

అలా మొదటి అక్షరం నుంచీ నేను చదువును తలకిందులుగానే చూశాను. అదే దాని రూపమనుకున్నాను. నల్లబల్ల మీద ఆయన రాసేవాడు కాదు, సుద్ద అరిగిపోతుందని. పలక నేలమీద పెట్టి నేను రాసింది ఎదురుగా కూర్చున్న ఆయనకు తిన్నగానే కనిపించేది, ఇంకేం అనుమానం వస్తుంది? వీధిలో కొట్టు బోర్డు చూసి అది వేరే భాషేమో అనుకునేదాన్ని.

ఒక్కొక్కరిని పిలిచి చదివించి ఉంటే అంతా బయటపడేది. అంత శ్రమ ఆయనకెందుకు? అందరం ఒకేసారి రాగం తీసి అరవాలి. ఆ అరుపు విని దారిన పోయేవాళ్లు బడి బ్రహ్మాండంగా నడుస్తోందనుకునేవాళ్లు. తనిఖీకి వచ్చిన అధికారి అంతకంటే ఘనుడు. బీరువా తెరిపించుకుని, కట్టల మీద వేలు రాసి, దుమ్ము లేదని మురిసిపోయి, టీ తాగి వెళ్లాడు. మాలో ఒక్కరి చేతా ఒక్క మాట చదివించలేదు. ఇలాంటి వాళ్లకు జీతాలూ కుర్చీలూ, పైగా మేము లేచి నిలబడి నమస్కారాలు!

ఆ మధ్యాహ్నం మేము రాగంలో ఉండగా నాన్న వచ్చాడు. తోపుడుబండి బయట ఆపి, చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. ముందురోజే అమ్మతో తేల్చేశాడు. "ఇన్నేళ్లు పంపాను. ఏదైనా చదివి వినిపించిందా, ఇంకా పంపుతాను. లేదా, దాని మేనత్త దగ్గర కుట్టుపనికి పోతుంది." నాన్నకు చదువు రాదు. చేతిలో సబ్బు చుట్టిన కాగితం ఉంది, దాని మీద నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ.

"ఇది చదువమ్మా" అన్నాడు.

నేను కాగితాన్ని నాకు అలవాటైన వైపుకు తిప్పాను. "ఈ సబ్బుతో స్నానం, రోజంతా హాయి" అని గడగడా చదివాను. ఎక్కడా తడబడలేదు.

నాన్న నా మాట పట్టించుకోలేదు. నా పక్కనుంచి బొమ్మను చూశాడు.

"అదేంటే, ఆ పిల్లను తలమీద నిలబెట్టావు?"

పిల్లలంతా ఘొల్లుమన్నారు.

"చదివాను నాన్నా!"

"సబ్బు కాగితం మీద సబ్బు గురించి కాక ఇంకేం ఉంటుంది? నేనూ చెప్పగలను. తల ఏదో కాళ్లేవో తెలియనిదానికి అక్షరాలేం తెలుస్తాయి?" అని మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మాస్టారూ. ఇది చదివిందా, కల్పించిందా?"

చదివిందయ్యా అని ఆయన ఒక్క మాట అంటే చాలు. నేను ఆయన నోటివంకే చూస్తున్నాను.

"ముందు ఆ చెయ్యి తియ్యవయ్యా!" అని ఉలిక్కిపడి లేచాడు. అలిసిపోయిన నాన్న బీరువా తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "బండి తోసిన చేతులు! మరక పడదూ?"

"పిల్ల సంగతి అడుగుతున్నానండీ."

"పిల్లా? శ్రద్ధ తక్కువ" అని మెడలో రుమాలు లాగి తలుపు తుడవడం మొదలుపెట్టాడు.

నేను చదివింది ఆ మనిషి విననే లేదు.

నాన్న నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తిన్నగా అత్త ఇంటికి తోసుకెళ్లాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "చొక్కాకు మెడ ఏదో చేతులేవో అత్త నేర్పుతుందిలే తల్లీ."

చాలా ఏళ్లకు నా చోటు మా ఆఖరి చెల్లెలికి వచ్చింది. కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం వాళ్లు రాగం తీస్తుంటే మాస్టారు బీరువాకు తల ఆనించి కూర్చున్నాడు. పాఠం అయిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు గనక మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. ఇంటికెళ్లే వేళ దాటాక ఎవరో పిల్ల భయపడి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలిందట. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఆయన ఉన్నా లేకపోయినా ఆ చదువుకు తేడా లేదు మరి.

భార్య తాళంచెవి తెచ్చి ఇస్తే బీరువా తెరిచారు. కట్టలన్నీ కొత్తవే, కానీ పాఠాలు ఎప్పుడో మారిపోయాయట. పురికొస విప్పకుండానే పాత కాగితాల వాడికి వేసేశారు. చెదలైనా తిని ఉంటే వాటి కడుపన్నా నిండేది.

కొత్త పంతులమ్మ వచ్చీ రాగానే చుట్టూ కూర్చోవడం మాన్పించింది. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చదివించుకుంది. మా చెల్లెలు పుస్తకం తిప్పి పట్టుకోగానే నవ్వలేదు. వింది. విని నాన్నను పిలిపించింది.

ఆ సాయంత్రం నాన్న నా కుట్టుమిషను దగ్గరికి వచ్చాడు. ఒక కాగితం తీసి, తనే తలకిందులుగా తిప్పి, నా చేతిలో పెట్టాడు.

"చదువమ్మా" అన్నాడు.

అప్పటికి నాకు మూడేళ్ల కొడుకు, మీ నాన్న.

ఇది గుర్తుపెట్టుకో. నీ పిల్లలకు, ఏ బీరువా చూసైనా మురిసిపోయేవాళ్లకు చెప్పు. చెప్పేటప్పుడు మాస్టారు నేలమీద పరిచిన ఆ ఒక్క పుస్తకం, పంతులమ్మ మా చెల్లెలికి ఇచ్చేసింది, ఇదిగో, ఇది చూపించు. అట్ట ఊడిపోయింది, కుట్లు నేనే వేశాను. చూడు, అందరి పుస్తకాలూ కింది అంచున మాసిపోతాయి, దీనికి పై అంచున కూడా పిల్లల వేలిముద్రలే.