అమ్మ కొంగుకి పెట్టిన మైకు

నవీన్‌కి ఎమోషన్ కావాలి. అది లేకపోతే డాక్యుమెంటరీకి మార్కులు రావంటాడు. ఆ మాట విని విని నా చెవులు హోరెత్తిపోతున్నాయి. మా టీములో వాడు డైరెక్టరు, సత్యశ్రీ కెమెరా, నాది సౌండు. సినిమా మాత్రం మా అమ్మానాన్నల గురించి. పెదజాలారిపేట ఒడ్డున మా నాన్న వీరన్న వేటకి వెళ్తాడు, అమ్మ గంగాలమ్మ ఆ చేపలు అమ్ముతుంది. అంతా తీశాం, బోటు వెళ్ళే షాటు ఒక్కటే మిగిలింది. ఎల్లుండికి కాలేజీలో ఇచ్చేయాలి, తర్వాత హాల్లో అమ్మానాన్నల్ని కూడా పిలిచి వేసి చూపిస్తారు.

ఆ ఉదయం ఇసుకలో నిలబడి నవీన్ అమ్మకి నేర్పబోయాడు.

"ఆంటీ, బోటు కదలగానే 'జాగ్రత్త' అని గట్టిగా అరవండి."

అమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఎల్తన్న మడిసిని ఎనకనుంచి పిలుత్తారేటి బాబూ? మీ ఇంట్లో పిలుత్తారా?"

"పిలవరు. ఇది షూటింగే కదా ఆంటీ."

వాడిది గోపాలపట్నం. గుమ్మం దాటినవాణ్ణి వాళ్ళమ్మా పిలవదు. కెమెరా పెట్టగానే అవన్నీ చెల్లవనుకున్నాడు వెధవ.

అమ్మ నోరు విప్పలేదు. బోటు అల మీదికి ఎక్కింది. సరిగ్గా అప్పుడే ఫోకస్ పోయిందని సత్యశ్రీ చేయి ఊపింది. నవీన్ నీళ్ళలోకి పరుగెత్తాడు.

"అంకుల్! ఆగండి! ఒన్ మోర్!"

నాన్న తల తిప్పాడు. ఇంజను ఆపాడు. బోటు ఒడ్డుకి తెచ్చి వల ఇసుకలో పడేశాడు.

"ఈయేల ఏట నేదు."

మిగతా బోట్లన్నీ అప్పటికే దూరమైపోయాయి. అమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. నాకు నవీన్‌ని అక్కడే అలల్లో ముంచేయాలనిపించింది.

ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. నాన్న తిట్టినా బాగుండేది. సాయంత్రం వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"రేపు రమ్మను ఆలని. ఎవలు నోరిప్పినా ఆ కెమెరా సంద్రంలో ఇసిరేత్తాను."

మర్నాడు ఎవరం మాట్లాడలేదు. నవీన్ కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కొంగుకి చిన్న మైకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని దూరంగా కూర్చున్నాను. గాలి, గాజులు, అల. బోటు కదిలింది. సత్యశ్రీ అమ్మ వెనక నిలబడి తీస్తోంది.

అప్పుడు నా చెవిలో, ఊపిరంత చిన్నగా, అమ్మ గొంతు వినిపించింది.

"బేగొచ్చీ మావా."

పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను, అమ్మ ఒడ్డున ఊరికే నిలబడుతుందనే అనుకున్నాను. త్వరగా రమ్మని రోజూ అంటోందన్నమాట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

బోటు చుక్కంతయ్యాక నవీన్ పరుగెత్తుకొచ్చాడు. "దుర్గా, ఆంటీ ఏటైనా అన్నారా? సౌండు పడిందా?"

వాడు చచ్చీచెడీ వెతుకుతున్నది ఇదే. ఈ ఒక్క ముక్క పెడితే హాలంతా చప్పట్లు కొడుతుంది. నాకూ మార్కులు కావాలి. కానీ ఆ రోజు హాల్లో నాన్నా ఉంటాడు, చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు కూడా. ఒకసారి విన్నాడంటే, ఆ తర్వాత ప్రతి పొద్దూ వెనక నుంచి ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇక తల తిప్పకుండా ఎలా వెళ్తాడు?

"గాలి తప్ప ఏటీ పళ్ళేదు" అన్నాను.

"ఛ!" వాడు ఇసుకని తన్నాడు. ఒన్ మోర్ అనబోయి, సముద్రం వైపు చూసి నోరు మూసుకున్నాడు.

అమ్మ మైకు విప్పి నా చేతిలో పెట్టింది. నా కళ్ళు చూసింది.

"పడిపోనాదేటే?" గొంతు తగ్గించి అడిగింది.

తల ఊపాను.

"తీసెయ్యే తల్లీ."

"తీసేత్తానమ్మా."

అమ్మ గంప తీసుకుని వెళ్ళిపోయింది. హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకి పెట్టుకుని, ఆఖరుసారి విని, చెరిపేశాను.