అడ్డం ఫొటో, నిలువు గోడ

బాలరాజు చేసిన పని ఏ మేస్త్రీ చేసినా ఊరు నవ్వుతుంది. మేడిపల్లిలో కట్టుకున్న కొత్తింట్లో, తలుపు తీయగానే ఎదురుగా కనబడే గోడకు, అమ్మానాన్నల ఫొటో కోసమని నిలువుగా టైల్స్ అంచు కట్టి సిమెంటు పూసేశాడు. తీరా చూస్తే ఫొటో అడ్డం. చర్చి ముందు వరుసగా నలుగురు నిలబడ్డారు: అన్న జైపాల్, నాన్న, అమ్మ, ఆ చివర తాను. అమ్మానాన్నలు పోయారు, వాళ్లున్న ఫొటో అదొక్కటే మిగిలింది. టైల్స్ పీకుదామంటే తెల్లారితే ఇంటి ప్రార్థన.

కోరుట్లలో ఫొటోలు ప్రింటు తీసే ఆమిర్ కంప్యూటర్ ముందు, చేతిలో కొలత టేపు పట్టుకుని కూర్చున్నాడు బాలరాజు.

"అన్నా, ఫిట్ చెయ్యాల్నా, ఫిల్ చెయ్యాల్నా?"

"రెండిట్ల ఏది మంచిదైతే గది చెయ్యి తమ్మీ."

"మంచిది, చెడ్డది అని ఉండదే. ఫిట్ అంటే నలుగురొస్తరు, గని పైన కింద తెల్లగ మిగుల్తది. ఫిల్ అంటే కాగితం నిండుతది, పక్కలకు కోస్తది."

ఫిట్ చేసి చూపించాడు. అమ్మ ముఖం శనగగింజంత అయింది.

"వద్దొద్దు. జర సాగదియ్యరాదు?"

సాగదీస్తే నాన్న కరెంటు స్తంభమయ్యాడు. బాలరాజుకు నవ్వొచ్చింది. వెంటనే చచ్చేంత సిగ్గేసింది.

"రెజల్యూషన్ పెంచితే?" ఎక్కడో విన్న మాట వదిలాడు.

"దానికి దీనికి సంబంధం లేదన్నా. బొమ్మ సాఫ్ వస్తది గంతే."

బాలరాజుకు బుర్ర గిర్రున తిరిగింది. రెండంతస్తుల గోడలు నిలబెట్టినవాడికి నలుగురు మనుషుల్ని ఒక కాగితం మీద నిలబెట్టడం రాకపోవడమేంటి, ఖర్మ కాకపోతే!

"ఫిల్ చేస్తే ముగ్గురే పడ్తరు. ఇటు జరిపితే మీ అన్న పోతడు, అటు జరిపితే నువ్వు పోతవ్," అన్నాడు ఆమిర్.

చిక్కంతా అక్కడే ఉంది. ఈ ఇంటి జాగా పంపకంలోనే అన్నదమ్ములకు మాటలు పోయాయి. "నీ గడప తొక్కను" అని బోయినపల్లి వెళ్లిపోయిన జైపాల్, మొన్న పోయి బతిమాలితే "సూస్త" అని మాత్రం అన్నాడు. వస్తే మొదట కనబడేది ఆ గోడే. అందులో తన ముఖం లేకపోతే అన్న ఇక జన్మలో రాడు.

పెండ్లాం మంజులకు ఫోన్ చేశాడు.

"మన ఇంట్ల మనం లేకుంటెట్ల? బావ అచ్చేదే డౌటు. ఆయననే తియ్యమను," అంది.

ఆమిర్ మౌసు జరిపాడు. అన్న వచ్చాడు, తాను పోయాడు. మళ్లీ జరిపాడు. తాను వచ్చాడు, అన్న పోయాడు.

"నన్నే తీసెయ్ తమ్మీ."

"పక్కానా? ఇల్లు నీదే గదనే!"

"నాదే. కొట్టు ప్రింటు."

మర్నాడు పాస్టరు పాట ఎత్తుకునే వేళకు జైపాల్ వచ్చాడు. గడప బయటే ఆగి గోడకేసి చూశాడు.

"నువ్వేడున్నవ్ రా గా ఫొటోల?"

"నలుగురు పడ్తలేరే అన్నా."

"పడకుంటే నన్ను తియ్యకపోయినవ్?"

"నిన్ను తీస్తే నువ్వు రావు గద," అన్నాడు బాలరాజు చిన్నపిల్లాడిలా.

జైపాల్ కళ్లు తుడుచుకున్నాడు. చెప్పులు విడిచి సరాసరి గోడ దగ్గరికి పోయి టైల్స్ మీద వేలితో తట్టాడు. బాలరాజుకు మేస్త్రీ పని నేర్పింది ఆయనే.

"ఫొటో సూడకుండ గోడ కట్టెటోన్ని నిన్నే సూసిన. గిదేనారా నేను నేర్పింది?" అని కసిరి, వచ్చినవాళ్లందరి ముందూ చెయ్యి చాపాడు. "సుత్తి తే. పలగ్గొట్టి అడ్డం పెడ్దం."

"ప్రార్థన అయినంక..." అనబోయాడు పాస్టరు. బాలరాజు అప్పటికే సుత్తి కోసం పెరట్లోకి ఉరికాడు.